వదలవే, అయ్యగారికి చలేస్తంది

అరచెయ్యి ఇంకా మండుతోంది. కలం పట్టుకుంటే బొబ్బ నొక్కుకుని ప్రాణం పోతోంది. ఇంతకీ ఏం ఘనకార్యం చేశావని అడిగితే, పడవ కమ్మీ పట్టుకుని కూర్చున్నానని చెప్పాలి. పడవ నడిపింది నేను కాదు, నీళ్ళలో దిగిందీ నేను కాదు. ఒడ్డుకొచ్చాక కూడా నా వేళ్ళు విప్పుకోలేదంటే నా ధైర్యం ఏపాటిదో మీరే చూసుకోండి. నాకు నీళ్ళంటే భయం. మాటవరసకి అనే భయం కాదు. వానలకు వీధిలో మోకాటి లోతు నీళ్ళు నిలిస్తే బడికి సెలవు పెట్టేసిన టీచర్ని నేను. తిరువూరు నుంచి గంపలగూడెం బడికి రోజూ షేర్ ఆటోలో వెళ్ళినన్నాళ్ళూ, వాగు వంతెన వచ్చేసరికి పక్కన ఎవరుంటే వాళ్ళ జబ్బ పట్టుకునేదాన్ని. కొత్తవాళ్ళు కంగారుపడేవాళ్ళు గానీ, రోజూ వచ్చే ఆడవాళ్ళు మాత్రం వంతెన కనపడగానే వాళ్ళంతట వాళ్ళే చెయ్యి చాపేవాళ్ళు.

మా ఇంట్లో తరతరాలుగా పిల్లలకి చెప్పే జాగ్రత్త ఒక్కటే: గట్టిగా పట్టుకో. బండెక్కితే అదే, బస్సెక్కితే అదే, మెట్లు దిగితే అదే. నా కూతురు సునీతకి నేను చెప్పాను, అది దాని కూతురు షైనీకి చెప్పింది, చాలదన్నట్టు నేనూ చెప్పాను. అంత జాగ్రత్తగా పెంచిన పిల్ల డిగ్రీ అయిపోగానే ఏం చేసిందంటే, బెజవాడ వెళ్ళి, కృష్ణలో జనాన్ని పడవల్లో తిప్పే చోట శిక్షణకి చేరింది. అక్కడ కొత్తగా వేక్‌బోర్డు అని ఒకటి మొదలుపెట్టారు. కాళ్ళకి ఒక పలక బిగించుకుని, పడవ వెనకాల కట్టిన తాడు పట్టుకుని నీళ్ళలో ఉండాలి. పడవ లాక్కెళుతుంటే ఆ పలక మీద లేచి నిలబడాలి. నాకు తెలిసిన పలక బడిలోది, దాని మీద నిలబడితే వీపు పగలగొట్టేవాళ్ళం. షైనీ ఫోన్లో ఇదంతా మెరిసిపోతూ చెప్పింది. ముందు తను నేర్చుకుంటే తర్వాత వచ్చేవాళ్ళకి నేర్పే ఉద్యోగం ఇస్తారట. ఎన్నిసార్లు దిగినా లేచి నిలబడలేకపోతోందనీ, ఈ వారం కూడా కాకపోతే పంపించేస్తారనీ చివర్లో గొంతు తగ్గించి చెప్పింది.

అది విన్న సునీత నా దగ్గరికొచ్చి కూర్చుంది. "అమ్మా, నువ్వెళ్ళి దాన్ని తీసుకొచ్చెయ్యి. నా మాట వింటల్లేదు. నీ మాటైతే వింటది" అంది. నాకు చెప్పాలా? అప్పటికే బీరువా మీంచి రెండు పెద్ద సంచులు దించి దుమ్ము దులుపుతున్నాను, దాని బట్టలు సర్ది తెచ్చేద్దామని. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కాను. మైలవరం దాటేవరకు పిల్లకి ఎలా చెప్పాలా అని మనసులో వల్లె వేసుకుంటూనే ఉన్నాను.

రేవు దగ్గర షైనీ నన్ను చూసి గంతేసింది. నేను ఎందుకొచ్చానో దానికి తెలియదు, చూడ్డానికొచ్చాననుకుంది. అక్కడ నేర్పే ఆయన పేరు మస్తాన్. మాటకు ముందొక 'అండి', వెనకొక 'అండి' పెట్టి మాట్లాడతాడు. "పడవలో కూర్చోండి మేడంగారూ, దగ్గర్నుంచి చూడొచ్చండి" అంటూ నారింజరంగు జాకెట్టు ఒకటి తెచ్చి నా భుజాల మీద వేశాడు. నీళ్ళలో పడ్డా మునగనివ్వదట. అది తడిసి, నీడన ఆరీ ఆరక ఉన్న జాకెట్టు. మెడ దగ్గర ముక్కిపోయిన వాసన వేస్తోంది. ఆ వాసన ముక్కుకి తగలగానే నాకు మా నాయనమ్మ మార్తమ్మ తెల్లచీర గుర్తొచ్చింది. కాలువలో తడిసిన ఆ చీరని వానలకి ఎండ లేక ఇంట్లో దండెం మీదే ఆరేశాం. ఆ రోజంతా ఇల్లు ఇదే వాసన.

మా నాయనమ్మ కూలికెళ్ళి మా నాన్నని చదివించిన మనిషి. సన్నగా, నల్లగా, నిటారుగా ఉండేది. నాలుగింటికే లేచి గేదెకి కుడితి కలిపి, పొయ్యి అలికి, మా అమ్మ లేచేసరికి గంజి కాచేసేది. ఆవిడకున్న దురలవాటు ఒకటే, అడ్డపొగ. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి, నాట్లు వేస్తూ కూడా కాల్చేది. మేం ప్రతి ఆదివారం గుడికెళ్ళేవాళ్ళం. మా గుళ్ళో పాస్టరుగారిని అందరం అయ్యగారనే వాళ్ళం. నీళ్ళలో ముంచి బాప్తిస్మం ఇస్తే తప్ప మా సంఘంలో ప్రభు బల్లలో చెయ్యి వెయ్యనివ్వరు. చుట్ట మానితేనే బాప్తిస్మమని అయ్యగారు, మానలేనని నాయనమ్మ. అలా ఏళ్ళు గడిచిపోయాయి. ప్రభు బల్ల రోజున రొట్టె, ద్రాక్షరసం ఉన్న పళ్ళెం మేం కూర్చున్న బల్ల దగ్గరికొచ్చేసరికి ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని తల దించుకునేది. పక్కన కూర్చున్నావిడ చెయ్యి నాయనమ్మ ముందునుంచి సాగి పళ్ళెం అందుకునేది. అప్పుడు నాయనమ్మ మొహం చూడాలంటే నాకు కష్టంగా ఉండేది.

నేను హైస్కూల్లోకి వచ్చాక నా వయసు పిల్లల్ని బాప్తిస్మానికి పిలిచారు. ఆ రోజు ఇంటికొచ్చి నాయనమ్మ చుట్టల కట్ట తీసి పొయ్యిలో పడేసింది. "ఒసే ఎస్తేరూ, ఇద్దరం ఒకేసారి దిగుదామే. నువ్వు దిగితేనే నేను దిగుతా" అంది. చుట్ట మానాక ఆవిడతో వేగడం మామూలు విషయం కాదు. బుగ్గన లవంగం పెట్టుకుని, గేదెని తిట్టి, మా అమ్మని తిట్టి, ఆఖరికి లవంగాన్ని కూడా తిట్టేది. అయినా మళ్ళీ చుట్ట ముట్టలేదు. ఇంత చేసిన మనిషికి నేను దిగనని ఎలా చెప్పను? బాప్తిస్మం ఇచ్చేది సాగర్ కాలువలో.

ఆ కాలువంటే నాకు హడలు. సిమెంటు చేసిన గట్లు ఏటవాలుగా ఉండేవి. నాచు పట్టి, కాలు పెడితే సర్రున జారేవి. నేను మరీ చిన్నప్పుడు మా పేటలోంచి బట్టలుతకడానికి వెళ్ళిన ఒకావిడ జారి పడింది. మర్నాడు ఎక్కడో లాకుల దగ్గర దొరికింది. తీసుకొచ్చి వాకిట్లో పడుకోబెడితే పెద్దవాళ్ళ కాళ్ళ సందులోంచి చూశాను. దుప్పటి కప్పారు గానీ పాదాలు బయటికే ఉన్నాయి. తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి. ఎక్కువసేపు స్నానం చేస్తే నా వేళ్ళు కూడా అలాగే ముడతలు పడేవి. అవి చూసినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. అందుకే గబగబా రెండు చెంబులు పోసుకుని వచ్చేసేదాన్ని. మా అమ్మ మెడ మీద మట్టి చూపించి మొట్టికాయ వేసేది. ఎందుకలా చేస్తున్నానో నేనెప్పుడూ చెప్పలేదు. చెబితే నవ్వుతారని భయం. ఇన్ని భయాల మధ్య ఆ భయమొకటి.

నాయనమ్మ మాత్రం కనిపెట్టింది. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు గేదె కుడితి గోలెం కడిగి, నిండా నీళ్ళు పోసి నన్ను పిలిచింది. "అయ్యగారు ముంచేటప్పుడు ఉక్కిరిబిక్కిరి అవ్వకుండా ఇక్కడ అలవాటు చేసుకో. కళ్ళు మూసుకో, ముక్కు మూసుకో, నోరు మూసుకో. మూడోది నీకు కష్టం" అంది. ఎంత కడిగినా గోలెం తవుడు వాసన కొడుతోంది. మెడ మీద ఆవిడ చెయ్యి పడిందో లేదో, గోలెం అంచు రెండు చేతులా పట్టుకుని బిగుసుకుపోయాను. గేదె తన గోలెంలో మా పనేమిటా అని మెడ తిప్పి చూస్తోంది. ఆవిడ లాగుతుంది, నేను వదలను. ఆఖరికి గోలెం పక్కకి ఒరిగి నీళ్ళన్నీ ఇద్దరి మీదా పడ్డాయి. "పోనీలే, తడవడమైతే తడిశాం" అని నాయనమ్మ నవ్వింది. నేను నవ్వలేదు. ఆ రోజు నుంచి అన్నం సయించలేదు.

బాప్తిస్మమిచ్చే ఆదివారం కాలువ నిండా వదిలారు. నీళ్ళు మట్టిరంగులో, సుడులు తిరుగుతూ పోతున్నాయి. వడి ఎక్కువగా ఉందని సంఘ పెద్దలు ఈ గట్టున చెట్టుకీ ఆ గట్టున పాతిన గుంజకీ మోకు కట్టారు. దాన్ని పట్టుకుని దిగాలి, దాన్ని పట్టుకునే ఎక్కాలి. అయ్యగారు నడుం లోతులో నిలబడ్డారు, తెల్లచొక్కా ఒంటికి అతుక్కుపోయింది. గట్టు మీద సంఘమంతా పాడుతోంది. నాయనమ్మ నా కంటే ముందు దిగింది. మోకు వదిలి, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆవిడ తల నీళ్ళలోకి వెళ్ళింది. నెరిసిన జుట్టు నీళ్ళ మీద తేలింది. అంతలోనే లేచింది, దగ్గుతూ, మొహం తుడుచుకుంటూ. నా వైపు తిరిగి, "ఏం కాలేదే!" అని అందరికీ వినపడేలా అరిచింది.

తర్వాత నేను. మోకు పట్టుకుని ఎలా దిగానో నాకే తెలియదు. నీళ్ళు నడుం దాకా వచ్చేసరికి కాళ్ళ కింద నేల ఉన్నట్టే లేదు. పరికిణీ నీళ్ళలో ఉబ్బి పైకి తేలి, నన్ను వాలుకి లాక్కుపోతున్నట్టుంది. అయ్యగారు చెయ్యి చాపి, "మోకు వదులమ్మా" అన్నారు. వదల్లేదు. "నేను పట్టుకుంటాను కదమ్మా, నువ్వు వదులు" అన్నారు. విన్నాను, అర్థమైంది, వదలాలనే ఉంది. చేతులు నా మాట వినలేదు. గట్టు మీద పాట అయిపోయింది. ఎవరో పెద్దాయన మళ్ళీ పల్లవి అందుకున్నాడు. అదీ అయిపోయింది, మళ్ళీ అందుకున్నారు. పాపం, నేను మునిగేదాకా పాట ఆపకూడదనుకున్నారు కాబోలు. ఆడవాళ్ళు గుసగుసలాడుకోవడం పాటలోంచి వినపడుతూనే ఉంది. ఇలాగే పైకెక్కి ఇంటికి పోతే నాయనమ్మ ఒక్కతే ప్రభు బల్లలో చెయ్యి వేస్తుంది. ఆవిడ పక్కన నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. అది తెలుసు. అయినా వదల్లేదు.

అప్పుడు వెనకాల నీళ్ళు చిమ్మిన చప్పుడైంది. గట్టెక్కి కొంగు పిండుకుంటున్న నాయనమ్మ మళ్ళీ దిగి వచ్చేస్తోంది. పెద్దలెవరో వద్దంటుంటే పట్టించుకోలేదు. నా చెవి దగ్గరికొచ్చి, ఏ వాక్యమో చెబుతుందనుకుంటే, "వదలవే ముదనష్టపుదానా, అయ్యగారికి చలేస్తంది!" అంది. చెవిలో అన్నాననుకుంది గానీ ఆవిడకి గొంతు తగ్గించడం చేతకాదు. అయ్యగారు ఫక్కున నవ్వారు. ఆయన పళ్ళు నిజంగానే టకటకా కొట్టుకుంటున్నాయి. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతుంటే చేతులు ఎప్పుడు వదిలాయో తెలియదు. కళ్ళు మూసుకోలేదు, నోరు అసలే మూసుకోలేదు. కాలువ నీళ్ళు కడుపునిండా తాగాను. లోపల పాట వినపడలేదు, ఏమీ వినపడలేదు. చచ్చిపోయాననే అనుకున్నాను. వీపు కింద ఒక చెయ్యి మాత్రం ఉంది. ఆ చెయ్యే లేపింది.

ఆ తర్వాతి ఆదివారం పళ్ళెం మా బల్ల దగ్గరికొచ్చింది. నాయనమ్మ రొట్టెముక్క తీసుకుని చాలాసేపు నమల్లేదు, బుగ్గన పెట్టుకుని కూర్చుంది, లవంగం పెట్టుకున్నట్టు. నీళ్ళ భయం పోయిందా అంటే పోలేదు. అదొక్కసారి వదిలానంతే. ఇప్పుడు మా గుళ్ళోనే పలకరాళ్ళు పరిచిన తొట్టి కట్టారు. మోటారు వేసి నీళ్ళు నింపుతారు, చలికాలమైతే వేణ్ణీళ్ళు కలుపుతారు. పిల్లలు ఫోటోకి నవ్వుతూ దిగుతారు. మంచిదే, ఎవరూ నాలా వణకనక్కర్లేదు. కానీ మునిగేదాకా పాట ఆపకుండా నిలబడే గట్టు మాత్రం ఇప్పుడు లేదు. ఇప్పటి పిల్లలకి జాకెట్లున్నాయి, ఈలలున్నాయి, ఏదైనా అయితే ఫోన్లున్నాయి. భయపడేది మాత్రం ఒక్కళ్ళే, ఎవరి గదిలో వాళ్ళు.

పడవ బయల్దేరింది. ఒడ్డు చిన్నదైపోతుంటే రెండు చేతులా పడవ కమ్మీ పట్టుకున్నాను. అంత నీటి మధ్య ఆపి, షైనీ పలక బిగించుకుని దిగింది. వెల్లకిలా తేలుతూ, మోకాళ్ళు గుండెలకి ముడుచుకుని, పలక ముందుకి పెట్టి, తాడు చివరి పిడి పట్టుకుంది. "చేతులు చాపే ఉంచాలండి, పిడి మన వైపు లాక్కోకూడదు. పడవే లేపుద్ది, మనం లేవకూడదు. పడితే వెంటనే వదిలెయ్యాలి" అని మస్తాన్ నాకు కూడా పాఠం చెప్పాడు. ఇంజను గర్జించింది. షైనీ సగం లేచి, పిడి గుండెల మీదికి లాక్కుని, బోర్లా పడింది. పడ్డది వదలొచ్చుగా? వదల్లేదు. పడవ లాక్కుపోతుంటే మొహం నీళ్ళలో, ఆ పిడి పట్టుకునే ఉంది. "వదులు! పిడి వదులు!" అని మస్తాన్ అరుస్తూ ఇంజను తగ్గించాడు. నాకు దుప్పటి బయట ఆ తెల్ల పాదాలే కనపడ్డాయి.

దగ్గరికొచ్చేసరికి పిల్లకి దగ్గి దగ్గి కళ్ళు ఎర్రబడ్డాయి. "రోజూ ఇంతేనండి. ఎంత చెప్పినా వదల్దు. పట్టుకోవడం బలే నేర్పారండి ఎవరో" అన్నాడు మస్తాన్. మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ అదే తంతు. ఈసారి పడవ అంచు పట్టుకుని నా వైపు చూసి, "నా వల్ల కాదు అమ్మమ్మా. ఇంటికెళ్ళిపోదాం" అంది.

నేను వచ్చిందే ఆ మాట కోసం. సంచులు ఒడ్డున సిద్ధంగా ఉన్నాయి. "పద" అంటే చాలు, సాయంత్రానికి తిరువూరులో ఉంటాం. రేపటినుంచి నాకు హాయిగా నిద్రపడుతుంది. నా నోట్లోంచి ఆ మాట ఎందుకు రాలేదో ఇప్పటికీ తెలియదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని తల దించుకున్న మనిషిని మళ్ళీ చూశాను, ఈసారి పడవ అంచుకి వేలాడుతూ. ఇంటికి తీసుకెళితే ఆ మొహాన్ని ఇక ప్రతి ఆదివారం పక్కన పెట్టుకుని కూర్చోవాలి నేను. పడవ కమ్మీ వదలకుండానే ముందుకి వంగాను. ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పిన నోటితో, "పిడి వదలవే ముదనష్టపుదానా! పడవ నడిపే ఆయనకి ఆకలేస్తంది!" అన్నాను.

షైనీ తెల్లబోయి చూసింది. టీచరు అమ్మమ్మ నోట ఎప్పుడైనా తిట్టు వింటే కదా. మస్తాన్ గబుక్కున, "నిజమేనండి, పొద్దున్నుంచీ టిఫిన్ కూడా తిన్లేదండి" అన్నాడు. దానికి నవ్వాగలేదు. నీళ్ళు మింగుతూ, దగ్గుతూ నవ్వింది. నవ్వుతూనే వెనక్కి వాలి మోకాళ్ళు ముడుచుకుంది. ఈసారి పడింది, వదిలేసింది, దూరంగా నారింజరంగు బుడగలా తేలి చెయ్యూపింది. ఆ తర్వాతిసారీ పడింది, వదిలేసింది. ఆ తర్వాత పడవ లాగుతుంటే చేతులు చాపే ఉంచింది. నీళ్ళలోంచి ముందు తల, తర్వాత మోకాళ్ళు, తర్వాత నిలువెత్తు మనిషి. మస్తాన్ ఈల వేశాడు. నేను దేవుణ్ణి పిలిచాను, సంతోషంతో కాదు, భయంతో. అంత నీటి మీద అంత చిన్న పిల్ల నిలబడి వస్తోంది. నన్ను చూసి ఒక చెయ్యి వదిలి ఊపింది. గట్టిగా పట్టుకో అని నాలిక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించి ఆపుకున్నాను. పైకి అనలేనిదంతా చేతుల్లోకి పోయింది కాబోలు, ఈ బొబ్బ అప్పటిదే.

సాయంత్రం బస్టాండులో సునీత స్కూటీ వేసుకుని ఎదురుచూస్తోంది. నా వెనకాల ఎవరూ దిగకపోవడం చూసింది. మడతపెట్టి చంకలో పెట్టుకున్న ఖాళీ సంచులు చూసింది. "అదేదమ్మా?" అంది.

"వదిలేసి వచ్చాను."

"తీసుకురమ్మని పంపిస్తే వదిలేసి రావడమేంటమ్మా? దానికేమన్నా అయితే?"

అదే మాట నేను మైలవరం నుంచి తిరువూరు దాకా నన్ను నేనే అడుగుతూ వచ్చాను. రేపు మళ్ళీ అది నీళ్ళలో దిగుతుంది, ఎల్లుండీ దిగుతుంది. ఇక ఫోను మోగినప్పుడల్లా నా గుండె లాకుల దగ్గరికి పోయి వస్తుంది. బండెక్కి దాని వెనక కూర్చున్నాను. సునీత వెంటనే బండి తియ్యలేదు. దాని వీపు సన్నగా అదురుతోంది. కళ్ళు తుడుచుకుంది. వెనక్కి తిరక్కుండానే, "గట్టిగా పట్టుకో అమ్మా" అంది.

పట్టుకున్నాను.